రిమార్కుల గడి

మలక్‌పేట మెట్రో మెట్ల మీద
ఒకాయన "సలాం సిస్టరమ్మా" అన్నాడు.
మొహం ఆనవాలు పట్టలేకపోయాను.
చెప్పులోంచి కనబడ్డ ఎడమ మడమ మాత్రం
చప్పున గుర్తొచ్చింది:
నెలన్నర, రోజు విడిచి రోజు,
రెండు వేళ్ళ లోతు.

"బాగున్నారా" అన్నాను, మడమతో.

ఆ రాత్రి నిద్ర లేదు.
లేకపోవడం కొత్తేం కాదు,
కళ్ళు మూస్తే ట్యాబ్‌లో గీతలు లేస్తాయి.
డ్రెస్సింగ్ రూం నంబర్ రెండు,
మనిషికి ఎన్ని నిమిషాలు,
నిన్నటి కంటే ఎన్ని తక్కువ.
తగ్గితే ఆకుపచ్చ, పెరిగితే ఎరుపు.
మా సూపరింటెండెంట్‌కి ఎరుపంటే పడదు,
ఆస్పత్రిలో పనిచేస్తూ!

ఇంట్లో అన్నం వడ్డిస్తూ "నెక్స్ట్" అన్నానట.
మా చిన్నది కంచం పట్టుకుని
వెనక్కి తిరిగి చూసింది,
తన వెనకాల ఎవరున్నారా అని.

సైదమ్మ పేరు పక్కన ఎప్పుడూ ఎరుపే.
ఒక్క కాలికి ముప్పై ఏడు నిమిషాలు!
నీళ్ళు గోరువెచ్చనయ్యేదాకా ఆగుతుంది.
పుండుకి అంటుకున్న గుడ్డని లాగదు,
తడిపి, దానంతటది వదిలేదాకా
కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది.
కూర్చున్న ఆ కాసేపట్లో అడుగుతుంది:
"యాడ పని జేస్తవ్? చెప్పులు కరుస్తున్నయా?
గోలీ మింగినా అంటవ్ గని
సగం సగం ఇరిసి మింగుతలేవూ?"

ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాలు మోసే జంగయ్య
ఏ డాక్టరుకీ చెప్పని మాట ఆమెకి చెప్పాడు.
పాదం స్పర్శ పోయి ఏడాదైందట.
మేకు దిగినా తెలియలేదట.
"జెప్తే పని పోతదని జెప్పలే."

తలుపు దగ్గర నిలబడి విన్నాను.
విని, వాచీ చూసుకున్నాను.
"జల్ది కానియ్ సైదమ్మా, బయట ఇంకా అరవై మంది."
ఆమె తలెత్తలేదు.
"పుండుకు గడియారం తెల్వది సిస్టర్."

మర్నాడు అటక మీది పాత రిజిస్టర్లు దించాను.
తుమ్ముతూ, వేలు పెట్టి వెతికాను.
ఒకే మనిషి నా దగ్గరికి నాలుగుసార్లొచ్చి
నాలుగు ఆకుపచ్చ గీతలయ్యాడు.
అయిదోసారి సర్జరీ వార్డుకి పోయాడు, మోకాలి కింద నుంచి.
అదీ ఆకుపచ్చే,
మా గదిలో ఒకరు తగ్గారు కదా.
సైదమ్మ కట్టిన కాళ్ళు కొన్నాళ్ళకి
పుస్తకంలోంచి నడిచి వెళ్ళిపోయాయి.
తిరిగి రానివాళ్ళకి గడి లేదు.

ఆమెని దేవతని చేసేయకండి.
మూడు నెలల జీతం బాకీ,
కాంట్రాక్టరు ఫోనెత్తడు.
నాలుగింటికల్లా నడుముకి కొంగు బిగించి
పళ్ళు కొరుక్కుంటుంది.

నిన్న మధ్యాహ్నం
ఆమెని స్టోర్ రూంలోకి లాక్కుపోయాను.
దూది పెట్టెల మీద ఇద్దరం కాళ్ళు చాపాం.
ఫ్లాస్కులో మిగిలిన చాయ్ మూతలో సగం, గ్లాసులో సగం.
పన్నెండేళ్ళలో మొదటిసారి చూశాను సైదమ్మ మడమలు,
మన ఆస్పత్రి గోడల్లా పెచ్చులు పెచ్చులు.
"నీళ్ళు వెచ్చజేయనా?" అన్నాను.
పగలబడి నవ్వింది.
"బయట అరవై మంది, సిస్టర్!"

అయినా లేవలేదు.
నేనూ లేవలేదు.
పదకొండు నిమిషాలు.

సాయంత్రం ట్యాబ్ ఎర్రగా అడిగింది,
రెండు పది నుంచి రెండు ఇరవై ఒకటి దాకా ఏం పని?
రిమార్కుల గడిలో
"స్పర్శ ఉందో లేదో చూసుకున్నాం" అని రాసి
చెరిపేశాను.
మళ్ళీ రాశాను.
రేపు పిలుస్తారు. ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

పోయేముందు ఆ మడమ పేరు వెతికి పట్టుకున్నాను:
గఫూర్, యాభై రెండు, చాదర్‌ఘాట్, పంక్చర్ల దుకాణం.
కట్టు కట్టినవారు: సైదమ్మ.
ఆ తర్వాత పేజీల్లో ఎక్కడా లేడు.

మెట్ల మీద మళ్ళీ ఎదురైతే
ముందు మొహం చూడాలి.